మలంగేరు వెంట బొగ్గు లారీ

అక్క పోయిన కబురు నాకు ఆలస్యంగా అందింది. కొత్తగూడెంలో బస్సెక్కి, భద్రాచలం, కుంట, సుక్మా అన్నీ దాటుకుని బచేలి చేరేసరికి దహనం అయిపోయింది. మిగిలింది పెద్దకర్మ ఒక్కటే. అక్క కొడుకు ఇక్కడి ఇనుప గనిలో పనిచేస్తాడు. కంపెనీ ఇచ్చిన క్వార్టరు, రెండు గదులు, వెనక చిన్న పెరడు. ఆ పెరట్లో నవారు మంచం వేసుకుని అక్క చివరి ఏళ్లన్నీ గడిపిందట. పక్క క్వార్టరావిడ విజయనగరం వైపు మనిషి. నాకు టీ తెచ్చిస్తూ, "మీ అక్కగారికి ఆ కొండంటే ఎంత ఇష్టమోనండీ, పొద్దు వాలేదాకా అలా చూస్తూనే ఉండేవారు" అంది. నేను గ్లాసు చేతిలో పట్టుకుని కొండ వైపు చూశాను. పైభాగమంతా కోసేసి ఎర్రగా, మెట్లు మెట్లుగా ఉంది. దాని మీద లారీలు చీమల్లా కదులుతున్నాయి. అక్క దాన్ని ఇష్టంతో చూసి ఉండదు. ఈ ఊరు లేని రోజుల్లో, ఈ రోడ్డు లేని రోజుల్లో, మేమిద్దరం ఒకసారి ఆ కొండ కిందిదాకా వచ్చాం. ఆ ప్రయాణం గురించి తెలిసినవాళ్లు ఒక్కొక్కరే పోయి, ఇప్పటికి నేను మిగిలాను. అక్క కొడుక్కి కూడా సగమే తెలుసు.

అప్పుడిది బస్తరు సంస్థానం. ఎక్కడో యుద్ధం నడుస్తోంది. మాకు యుద్ధమంటే కిరసనాయిలు దొరక్కపోవడం, పెట్రోలు దొరక్కపోవడం, ఆస్పత్రిలో క్వినైను దొరక్కపోవడం. మేము తోంగ్‌పాల్‌లో ఉండేవాళ్లం. జగదల్‌పూర్ నుంచి సుక్మాకు పోయే కంకర బాట పక్కన చిన్న ఊరు. నాయన ఒక కలప కంట్రాక్టరు దగ్గర లారీ నడిపేవాడు. మా ఇంట్లో పొద్దున్నే రెండు పొయ్యిలు రాజేసేవాళ్లం, ఒకటి అమ్మది, ఒకటి నాయనది. నాయన పొయ్యి లారీకి ఉండేది. పెట్రోలు కరువొచ్చాక కంట్రాక్టరు ఆ లారీకి బొగ్గు గ్యాసు డ్రమ్ము బిగించాడు. డ్రైవరు కూర్చునే గది వెనక నిలువెత్తు ఇనుప డ్రమ్ము. పైన మూత తీసి బొగ్గులు పోసి, అడుగున నిప్పు పెట్టి, పక్కనున్న గాలి చక్రం పిడి పట్టుకుని తిప్పుతూనే ఉండాలి. గొట్టం చివర అగ్గిపుల్ల గీసి పెడితే గ్యాసు నీలంగా అంటుకునేదాకా తిప్పాలి. అంటుకుంటేనే ఇంజను లేస్తుంది. ఆ పిడి తిప్పడం అక్కదీ నాదీ పని. ఒకరి చేతులు పడిపోతే ఇంకొకరం అందుకునేవాళ్లం. నాయన ఒంటికి, దుప్పటికి, ఆఖరికి ఆయన తిని లేచిన కంచానికి కూడా ఆ పొగ వాసన అంటుకుని ఉండేది. ఆ గ్యాసు ఎక్కువగా పీలిస్తే తల దిమ్మెక్కి వాంతులయ్యేవి. నాయన లారీ దిగి గోడ పట్టుకుని నిలబడితే అమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చేది. అదొక జబ్బని మాలో ఎవరూ అనుకోలేదు, డ్రైవరు పనిలో అదీ ఒక భాగమనుకున్నాం.

మా ఇంటికి పెద్ద మా నాయనమ్మ. ఎప్పుడూ వాకిట్లోనే కూర్చునేది, నోట్లో చుట్ట, చేతిలో పొడుగాటి వెదురు పుల్ల. ఎండబోసిన చింతపండు దగ్గరికి కోడి వచ్చినా, మేక వచ్చినా, మనిషి వచ్చినా అదే పుల్ల ఆడించేది. ఇంట్లోంచి ఎవరు ఊరికి బయల్దేరినా గడప దగ్గర ఆపి ఇంత బెల్లం ముక్క నోట్లో పెట్టేది. అది కరిగేదాకా వెళ్లేవాళ్లు మాట్లాడకూడదు. నాయన లాంటి మనిషి కూడా తల్లి ముందు చిన్నపిల్లాడిలా బుగ్గ ఉబ్బించుకుని నిలబడేవాడు. అమ్మకు ఆ తంతు అంటే చిరాకు. చంకలో తమ్ముడు, పొయ్యి మీద అంబలి, ఆమెకు ఎవరినీ సాగనంపే తీరిక ఉండేది కాదు.

అక్క పేరు నర్సమ్మ. నాకన్నా ఆరేడేళ్లు పెద్ద. అంతకు ముందు ఎండాకాలంలోనే ముత్తయ్య బావతో పెళ్లయింది. బావ కూపులో మేస్త్రీ. అడవిలో ఆ ఏడు కొట్టడానికి గుర్తుపెట్టిన చెట్ల తావును కూపు అంటారు. దసరా వెళ్లాక కోతగాళ్లు గుంపుగా వెళ్లి, ఆకుల గుడిసెలేసుకుని, వానలు పడేదాకా అక్కడే ఉండి దుంగలు కోసి చెక్కలు చేసేవాళ్లు. వాళ్లందరి మీదా బావ పెద్ద. పెద్దరికం ఆయనకు అసలు తెలియదు. మా ఇంటికి వచ్చినప్పుడు కూడా, కంచం ముందు పెట్టాక, "అత్తా, అందరూ తిన్నారా?" అని అడగనిదే చెయ్యి పెట్టేవాడు కాదు. లారీ మీద వచ్చిన కూలీ బయట కూర్చుని ఉంటే లేచి వెళ్లి వాడిని పిలుచుకొచ్చేవాడు. అమ్మకు అది నచ్చేది కాదు. "ఈయన కూపుకు మేస్త్రీనా, కూపుకు తల్లా?" అనేది. అక్క తలుపు చాటున నవ్వుకునేది.

కార్తీకంలో ఒక పొద్దున మేము గాలి చక్రం తిప్పుతుంటే కోసా వచ్చాడు. కోసా కూపు నుంచి ఎడ్లబండి మీద దుంగలు తోలే మనిషి. కూపు ఉన్న ఈ కొండ కింది ఊరే వాళ్లది. గొడ్డలి భుజాన పెట్టుకుని నడిచి వచ్చాడు, కాళ్లు మోకాళ్ల దాకా బురద. గోండీలో మొదలుపెట్టి, మా మొహాలు చూసి, తనకొచ్చిన తెలుగులోకి మారాడు.

"దాదా, కూపుల జరం. మనుషులు పడిపోయిన్రు. లేచేటోళ్లు లేచి పారిపోయిన్రు. మీ అల్లుడు లేవలేడు."

నాయన డ్రమ్ము మూత కింద పెట్టాడు. నాయనమ్మ వాకిట్లోంచే అడిగింది: "ఉచ్చ ఎట్ల వస్తున్నది?"

కోసా నేల వైపు చూశాడు. "నల్లగ" అన్నాడు.

నాయనమ్మ చుట్ట నేలకేసి నలిపేసింది. చలిజ్వరం ముదిరి ఉచ్చ నల్లబడితే మనిషి దక్కడం అరుదని ఆ అడవి పక్క బతికేవాళ్లకు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. అక్క పిడి వదిలేసింది. చక్రం దానంతటదే కొంచెంసేపు తిరిగి ఆగింది.

"బండి కట్టుకొని పోయి తెస్త" అన్నాడు నాయన.

"బండి పోయేసరికి ఎన్నాళ్లు, వచ్చేసరికి ఎన్నాళ్లు? లారీ తియ్యి నాయనా."

"అది లారీ పోయే బాట కాదు బిడ్డా. గడిరాస్ దాటినంక బాటే లేదు. ఏరే బాట."

"దుంగల బండ్లు పోతున్నయిగా?"

"బండి వేరు, లారీ వేరు."

"అయితే నేను నడిచి పోత" అని అక్క కొంగు బిగించుకుంది. కోపంతో అన్న మాట కాదది. నిజంగానే కోసా పక్కకు వెళ్లి నిలబడింది. నాయన ఆమెను చూసి, లోపలికెళ్లి మంచం కిందినుంచి పెట్రోలు డబ్బా తీసుకొచ్చాడు. ఏ ఆపదకోనని నెలల తరబడి దాచినది. కంట్రాక్టరు జగదల్‌పూర్‌లో ఉన్నాడు, ఆయన్ని అడిగే వ్యవధి లేదు, అడిగితే ఒప్పుకునేవాడూ కాదు. అమ్మ పాలు తాగే తమ్ముడిని వదిలి రాలేదు. గాలి చక్రం తిప్పడానికీ, అక్కకు తోడుగానూ నన్ను ఎక్కించారు. ఆ రోజు నాయనమ్మ మా అందరి నోళ్లల్లో బెల్లం పెట్టింది. కోసాక్కూడా పెట్టింది. బెల్లం కరగకముందే లారీ కదిలింది.

సుక్మా ఆస్పత్రిలో కాంపౌండరు పొట్లం కట్టి కాసిని క్వినైను బిళ్లలు ఇచ్చాడు. "ఇంతే ఉంది. ఇది కూడా మీకు ఇవ్వకూడదు" అన్నాడు హిందీలో. అక్క ఆ పొట్లాన్ని రవికెలో దోపుకుంది.

గడిరాస్ దాటాక మలంగేరు లోయ మొదలవుతుంది. రెండు పక్కలా కొండలు, మధ్యలో ఏరు, ఏటి పక్కన దుంగల బండ్లు లాగిన చాళ్లు. ఆ చాళ్లు లారీ చక్రాల కన్నా ఇరుకు. ఒక పక్క చక్రం చాలులో ఉంటే రెండోది గట్టు మీద ఉండేది. లారీ ఒరిగిపోయి నడిచేది. అక్క, నేను వెనక బల్ల గోడ పట్టుకుని వేలాడేవాళ్లం. కోసా ముందు పరిగెడుతూ అడ్డం వచ్చిన కొమ్మలు నరికేవాడు. బొగ్గు గ్యాసుకు ఎగువ ఎక్కే బలం ఉండదు. చిన్న మిట్ట వచ్చినా ఇంజను దగ్గి ఆగిపోయేది. ఆగగానే నేను దూకి వెనక చక్రం కింద మొద్దు అడ్డం పెట్టాలి, లేకపోతే లారీ వెనక్కి జారి ఏట్లో పడుతుంది. మొద్దు పెట్టి, మళ్లీ డ్రమ్ము దగ్గరికి పరిగెత్తి చక్రం తిప్పాలి. నాయన దిగి గొట్టం దగ్గర అగ్గిపుల్ల పెట్టి చూడాలి. ఎన్నిసార్లు అలా దిగామో, ఎన్నిసార్లు ఎక్కామో. ఏరు ఒక ఒడ్డున ఎక్కువ దూరం సాగనిచ్చేది కాదు. కొండ పొట్ట వచ్చి బాటను మింగేసేది. అప్పుడు నీళ్లలోకి దిగి అవతలి ఒడ్డుకు పోవాలి. నాయన పంచె పైకి కట్టి, కర్రతో లోతు చూసుకుంటూ ముందు తాను నడిచి, తిరిగొచ్చి లారీ తోలేవాడు. నీటి అడుగున గుండ్రాళ్లు చక్రాల కింద పొర్లుతుంటే లారీ మొత్తం పళ్లు కొరుకుతున్నట్టు వణికేది.

ఇసుకలో కూరుకుపోయినప్పుడు అసలు కష్టం తెలిసింది. తోయడానికి మనుషులు కావాలి. ఏటి ఒడ్డున ఒక ఊరు కనిపిస్తోంది, పొగ లేస్తోంది. అక్క, నేను పరిగెత్తుకెళ్లాం. ఊళ్లో ఒక్క మనిషి లేడు. పొయ్యి మీద అంబలి ఉడుకుతోంది, రోట్లో దంచుతున్న గింజలు సగంలో ఉన్నాయి, ఒక గుడిసె ముందు పసిపిల్ల ఉయ్యాల ఇంకా ఊగుతోంది. నాకు భయమేసింది. వెనకే వచ్చిన కోసా, "లారీ చప్పుడు ఇని అడవిలకు ఉరికిన్రు. బేగారికి పట్టుకపోతరని" అన్నాడు. సంస్థానం అధికారులు ఊళ్లు చూడడానికి దౌరా వస్తే ఊళ్లోవాళ్లను పట్టుకుని కూలి లేకుండా మూటలు మోయించేవాళ్లు, బాటలు వేయించేవాళ్లు. ఆ లోయలో యంత్రం చప్పుడు అంటే అదొక్కటే అర్థం. కోసా నోటి పక్కన చేతులు పెట్టి అడవి వైపు గోండీలో అరిచాడు. ఎవరూ రాలేదు. పరుగెత్తలేని ఒక ముసలామె మాత్రం గుడిసె వెనకనుంచి బయటికొచ్చింది. అక్క మొహం చూసింది. సొరకాయ బుర్రతో అంబలి తీసి మా దోసిళ్లలో పోసింది. తర్వాత తన గుడిసెకు ఆనించి ఉన్న వెదురు తడక చూపించి, తీసుకుపొమ్మని సైగ చేసింది. ఆ తడకే చక్రాల కింద పరిచి, నాయన ఇంజను నడుపుతుంటే, అక్కా కోసా నేనూ వెనకనుంచి భుజాలు పెట్టి తోస్తే లారీ బయటికొచ్చింది. వచ్చేటప్పటికి పొద్దు వాలింది. ముందు చక్రం పైన బరువు మోసే కమాను పట్టీ ఒకటి విరిగింది. నాయన వెదురు చీలికలు పెట్టి దానికి తాడు చుట్టాడు. అవాళ అక్కడే ఆగిపోయాం.

మర్నాడు కూపు చేరేముందు ఒక మిట్ట ఎక్కాలి. బొగ్గుతో ఎక్కదని తెలిసి నాయన పెట్రోలు పోశాడు. పోస్తూ అక్కతో అన్నాడు: "తిరిగొచ్చేటప్పుడు ఇంక ఉండదు బిడ్డా." అక్క తల ఊపింది. లారీ పెద్దగా అరుచుకుంటూ ఎక్కింది. కొండ మీద మబ్బు దిగి ఉంది. కార్తీకంలో రావలసిన మబ్బు కాదు, సముద్రం వైపునుంచి వచ్చిన తుఫాను మబ్బు. సన్నగా తుంపర పడుతోంది.

కూపులో మొదట కనిపించింది కోత గుంట. గుంట మీద అడ్డంగా పెద్ద దుంగ, దానిలో సగందాకా దిగిన రంపం అలాగే నిలబడి ఉంది, తుప్పు పట్టడం మొదలైంది. మనుషుల చప్పుడు లేదు. గుడిసెల్లోంచి వచ్చే వాసన నేను చెప్పను. ఒక్కో గుడిసెలో ఒకరిద్దరు, ఆకుల మీద, తమ మురికిలో తాము పడి ఉన్నారు. కొందరు తెలుగువాళ్లు, కొందరు ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. ఒక గుడిసె ముందు నాయన ఆగి, లోపలికి చూసి, మమ్మల్ని రావొద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. బావ చివరి గుడిసెలో ఉన్నాడు. ఆయన్ని నేను గుర్తుపట్టలేదు. పసుపు పూసినట్టున్న మొహం, లోపలికి పోయిన కళ్లు, పళ్లు మాత్రం పెద్దవిగా. అక్క గుర్తుపట్టింది. పక్కన కూర్చుని తల ఒళ్లోకి తీసుకుని, పొట్లం విప్పి, బిళ్ల నలిపి నీళ్లలో కలిపి తాగించింది. బావ కళ్లు తెరిచి చూశాడు.

"ఇంత దూరం ఎందుకొచ్చినవు నర్సూ" అన్నాడు.

"తీసుకపోతానికి."

ఆయన్ని లేపడానికి నాయన, కోసా భుజాల కింద చేతులు పెట్టారు. బావ తల అడ్డంగా ఊపాడు.

"నాతో ఉన్నోళ్లు? అందరినీ ఎక్కించిన్రా?"

నాయన చెయ్యి వదల్లేదు. "ముందు నువ్వు పద అల్లుడా. వాన పట్టేటట్టున్నది. ఏరు పొంగితే ఎవరమూ పోలేం."

"నేనే తీసుకొచ్చిన మామా వాళ్లను. వాళ్ల పెండ్లాలకు చెప్పి తీసుకొచ్చిన."

అక్క తండ్రి వైపు చూసింది. "ఎక్కించు నాయనా" అంది.

ఎక్కించారు. నాయనా కోసా ఒక్కొక్కరినే మోసుకొచ్చి లారీ బల్ల మీద ఆకులు పరిచి పడుకోబెట్టారు. అక్క ఒక్కొక్కరి నోట్లో నీళ్లు పోసింది, క్వినైను ఉన్నంతవరకు పంచింది. నేను డ్రమ్ములో బొగ్గులు పోసి చక్రం తిప్పుతున్నాను. చివరగా బావను ఎక్కించబోతే ఆయన లారీలో ఉన్న మొహాలన్నీ చూసి, "పెంటన్న ఏడీ?" అన్నాడు.

పెంటయ్య రంపం పట్టేవాళ్లలో ఒకడు. ఎవరూ లేని మనిషి. వాగు అవతల, దుంగలకు కాపలా ఉండే గుడిసెలో ఉన్నాడని కోసా చెప్పాడు. బతికి ఉన్నాడో లేదో తెలియదు. నాయన ఆకాశం వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. ఆయన మొహం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. పెంటయ్య కోసం పోవద్దని ఎవరైనా అంటే బాగుండునన్న మొహం. బావ గుంజ పట్టుకుని కూర్చుండిపోయాడు. "వాడు రాందే నేను రాను" అన్నాడు. ఆ మాట అనడానికే ఆయన దగ్గర ఉన్న బలమంతా అయిపోయింది.

"పో నాయనా" అంది అక్క. "పెంటన్నను వదిలేసి పోతే, ఈయన లేచినంక నన్నడుగుతడు. ఏం చెప్పాలె?"

నాయనా కోసా వెళ్లారు. అక్కా నేనూ బావను మధ్యలో పెట్టుకుని వానలో కూర్చున్నాం. వాళ్లు చాలాసేపటికి వచ్చారు. వెదురు బొంగుకు దుప్పటి కట్టి, దానిలో పెంటయ్యను మోసుకుంటూ వచ్చారు. ఊపిరి ఉంది. ఈలోగా నిప్పు తగ్గి గ్యాసు పోయింది. మళ్లీ రాజేసి, చక్రం తిప్పి, లారీ కదిలేసరికి తుంపర వానగా మారింది.

దిగువకు రావడం ఎక్కడంకన్నా కష్టమని ఆ రోజు తెలిసింది. బరువెక్కువ, బాట జారుడు, బ్రేకులు అంతంత మాత్రం. నేను మొద్దు పట్టుకుని లారీ పక్కనే పరిగెత్తాను. పైన ఏటి దాటుళ్లన్నీ ఎలాగో దాటాం. గడిరాస్‌కు ఎగువన, పక్క కొండల్లోంచి ఇంకో వాగు వచ్చి ఏట్లో కలిసే చోట ఆఖరి పెద్ద రేవు ఉంది. అక్కడికి వచ్చి నాయన లారీ ఆపాడు. ముందురోజు మోకాలి లోతున దాటిన చోటే. ఎర్రటి నీళ్లు, మధ్యలో చెట్టు కొమ్మలు, నురగ. అవతలి ఒడ్డు మీద మా లారీ పోయినప్పటి చక్రాల గుర్తులు ఇంకా తడవకుండా కనిపిస్తున్నాయి. అటు వానే పడలేదు. ఈ నీళ్లు ఎక్కడో పక్క కొండల మీద పడి, ఇప్పుడే వచ్చాయి. నాయన దిగి ఒడ్డున నిలబడి, "కొంచెం ముందొస్తే..." అన్నాడు. అని, వెనక లారీలో మనుషులున్నారని గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. అప్పటికే అందరూ విన్నారు. పెంటయ్య విన్నాడు. ఆయన తెలివిలోనే ఉన్నాడు. బావ పక్కన, బావ భుజానికి భుజం తగిలేలా పడుకుని, కళ్లు తెరుచుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు.

నీళ్లు తగ్గలేదు. బావకు వణుకు ఆగి ఎక్కిళ్లు మొదలయ్యాయి. అక్క ఆయన అరికాళ్లు రుద్దుతూనే ఉంది. ఆయన ఏమీ గొప్ప మాటలు చెప్పలేదు. రంపానికి ఆకురాయి పెట్టాలన్నాడు. తర్వాత వాళ్ల అమ్మను పిలిచాడు, ఆమె ఆయన చిన్నప్పుడే చచ్చిపోయింది. పొద్దు కొండ వెనక్కి పోతుండగా ఎక్కిళ్లు ఆగిపోయాయి. అక్క రుద్దడం ఆపలేదు. నాయన వచ్చి ఆమె చేతులు పట్టుకునేదాకా ఆపలేదు.

తెల్లారి నీళ్లు తగ్గాయి. ఒడ్డుకు ఎగువన, ఏరు అందని చోట, నాయనా కోసా గడ్డపారతో, గొడ్డలితో గుంట తవ్వారు. కట్టెలన్నీ తడిసి ఉన్నాయి, దహనం చేసే వీలు లేదు. అందరికీ ఆ లారీ మసి అంటుకుని ఉంది. బావ మొహం నిండా మసే. అక్క ఏటినుంచి నీళ్లు తెచ్చి, ఇసుకతో రుద్ది, ఆయన మొహం, చేతులు, గోళ్ల సందులు అన్నీ తెల్లబడేదాకా కడిగింది. ఎవరూ తొందరపెట్టలేదు. గుంట మీద రాళ్లు పేర్చాక, తానే వచ్చి గాలి చక్రం పిడి పట్టుకుంది. "నువ్వు కూర్చో లచ్చీ, నేను తిప్పుత" అంది. ఆమె తిప్పుతుంటే ఏడుపు వినపడలేదు, చక్రం చప్పుడే వినపడింది.

లారీలో తెచ్చినవాళ్లలో ఇద్దరు సుక్మా ఆస్పత్రి వరండాలో పోయారు. మిగిలినవాళ్లు బతికారు. పెంటయ్య బతికాడు. కంట్రాక్టరు జగదల్‌పూర్ నుంచి వచ్చి, విరిగిన పట్టీ చూసి, నాయనను నాలుగు మాటలన్నాడు. సంక్రాంతి రాకముందే కొత్త కోతగాళ్లను అదే కూపుకు పంపాడు. వాళ్ల బియ్యం, ఉప్పు గడిరాస్ దాకా చేర్చింది నాయనే. ఆ రోజు వచ్చి అన్నం తినకుండా పడుకున్నాడు. అదొక్కరోజే. మర్నాడు మళ్లీ పొయ్యి రాజేశాం.

కాళ్లలో సత్తువ వచ్చాక పెంటయ్య మా ఇంటికొచ్చాడు. వాకిట్లో కూర్చున్నాడు. నాయనమ్మ అంబలి పోస్తే తాగి, గొడ్డలి అడిగి, లారీ బొగ్గుల కోసం ఉన్న మొద్దులన్నీ చీల్చి పెట్టి వెళ్లిపోయాడు. తర్వాత కూడా అంతే, వచ్చేవాడు, పని చేసేవాడు, వెళ్లేవాడు. అమ్మ ఆయన మొహం చూసేది కాదు. ఒకసారి ఆయన వినేటట్టే, "తేవలసినవాణ్ని వదిలి వీణ్ని తెచ్చిన్రు" అంది. పెంటయ్య గొడ్డలి ఆపి, తల వంచుకుని విని, మళ్లీ కొట్టడం మొదలుపెట్టాడు. రెండేళ్లు గడిచాక నాయనమ్మే అక్కతో పెంటయ్యను చేసుకొమ్మనే మాట ఎత్తింది. మాలో మారుమనువు ఉంది. అక్క వారం రోజుల తర్వాత సరే అంది. అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. నాకు కూడా అక్క మీద కోపం వచ్చింది. ఆ వయసులో నాకు కోపం రావడం తేలిక.

వాళ్లకు కొడుకు పుట్టినప్పుడు ముత్తయ్య అని పేరు పెట్టమని పెంటయ్యే పట్టుబట్టాడు. అక్క వద్దంది. ఆయన జీవితంలో అక్క మాట కాదన్నది అదొక్కసారే. పేరైతే పెట్టారు గాని, అక్క ఆ పేరుతో ఎట్లా పిలుస్తుంది? మొగుడి పేరు ఆడది నోటితో అనకూడదన్న కాలం. కొడుకును "పెద్దోడా" అనే పిలిచింది. తర్వాత ఇంకెవరూ పుట్టకపోయినా వాడు పెద్దోడే. సంస్థానం పోయింది, బేగారి పోయింది, కొండ మీద ఇనుప గని వచ్చింది, పెద్దోడికి అందులో ఉద్యోగం వచ్చింది. పెంటయ్య, అక్క వాడి వెంట ఆ కొండ కిందికే వచ్చి చేరారు. పెంటయ్య బావ పోయి చాలా ఏళ్లయింది. మంచి మనిషి. ఒక్క రోజు కూడా అక్క కన్నా ముందు కంచం దగ్గర కూర్చోలేదు.

ఒక్కసారి అక్కను అడిగాను. మాకిద్దరికీ జుట్లు నెరిశాక. "ఆ రోజు వెంటనే బయల్దేరి ఉంటే బావ బతికేవాడంటవా?" అక్క తమలపాకు ఈనె తీసింది. "ఏమో. సుక్మాల కూడ ఇద్దరు పోయిన్రుగా" అంది. తర్వాత, "పెద్దోడు డ్యూటీ నుంచి వచ్చే యాళైంది" అని లేచి వెళ్లింది. మళ్లీ అడగలేదు.

మొన్న సుక్మా నుంచి వస్తుంటే బస్సు గడిరాస్ వైపు తిరిగింది. ఏటి మీద వంతెన వచ్చింది. పక్కన పోలీసు క్యాంపు, ముళ్లతీగ, ఇసుక బస్తాలు. బస్సు ఆపి మూటలు విప్పించి చూశారు. నా పక్కన కూర్చున్న ఆమె, లోపలి ఊళ్లల్లో ఇప్పుడూ బండి చప్పుడు వినిపిస్తే జనం అడవిలోకి పోతున్నారని చెప్పింది. ఎవరు వచ్చినా పోతారట, ఎవరని చూడరట. మా లారీ కోసం తడక ఇచ్చిన ముసలామె ఊరు ఎటువైపో పోల్చుకోలేకపోయాను. బావను పెట్టిన చోటు కూడా పోల్చుకోలేకపోయాను. ఒడ్డున రాళ్లు చాలా ఉన్నాయి. లోయ మొత్తం మేము రెండు రోజులు ఎక్కిన దారిని బస్సు ఒక కునుకులో దాటేసింది. ఈ రోడ్డు అప్పుడుంటే అని అందరూ అనుకునేదే నేనూ అనుకున్నాను. రోడ్డు ఎవరికోసం వస్తుందో, అది వచ్చినా ఊళ్లు ఎందుకు ఖాళీ అవుతాయో ఈ వయసులో నాకు తెలుసు. అయినా అనుకున్నాను.

పెద్దకర్మ అయిపోయి, చుట్టాలు సర్దుకున్నాక అక్క కొడుకు వచ్చి నా పక్కన మంచం మీద కూర్చున్నాడు. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి, గుండు మీద చెయ్యి వేసుకుని చిన్నపిల్లాడిలా ఉన్నాడు.

"చిన్నమ్మా, ఒక మాట చెప్త. అమ్మ నన్ను పుట్టిన కాడినుంచి పేరు పెట్టి పిలవలే. ఎందుకని అడిగితే నవ్వేది. ఆస్పత్రిల ఆఖరి పూట కండ్లు తెరిచి 'ముత్తయ్యా' అన్నది. స్పష్టంగ. మళ్లొకసారి అన్నది. 'ఇక్కడనే ఉన్న అమ్మా' అన్న. నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది." వాడి కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, మొహంలో మాత్రం సంతోషం. "ఎన్నడూ పిలవనిది, పోయేముందు నన్ను పేరు పెట్టి పిలిచింది చిన్నమ్మా."

"అవును బిడ్డా" అన్నాను. "నిన్నే పిలిచింది."